కోనసీమ బండి, లేహ్ దారి: ఇంజన్ ఆయిల్ ఏది పోయాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. అమలాపురంలో ఉంటావు, 2019 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బుల్లెట్ నీది, 31 వేల కిలోమీటర్లు తిరిగింది. జూన్‌లో ఇంకో ఇద్దరితో కలిసి లేహ్ వెళ్దామనుకుంటున్నావు. ఆయిల్ దగ్గర ముగ్గురు మూడు మాటలు చెప్పారు. సర్వీసు సెంటరువాళ్లు 15డబ్ల్యూ-50 సెమీ సింథటిక్ అన్నారు. మీ వీధి మెకానిక్ "మన ఎండలకి చిక్కటి ఆయిలే ఉండాలి, 20డబ్ల్యూ-50 పోద్దాం" అన్నాడు. హైదరాబాద్‌లో ఉండే మీ బావ తన కారుకి వాడే 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ డబ్బా పంపిస్తానన్నాడు, ఖరీదు ఎక్కువ కాబట్టి ఇంజన్‌కి మంచిదని.

సర్వీసు సెంటరు మాట విను. మెకానిక్ మాటతో బండికి పెద్ద ముప్పు లేదు గానీ నీ బండికి ఆ అవసరం లేదు. మీ బావ పంపే డబ్బా మాత్రం బుల్లెట్‌లో ఒక్క చుక్క కూడా పొయ్యకు. అయితే ఆ ముగ్గురూ అడగని మాట ఒకటుంది: ఈ బండి మిగతా పదకొండు నెలలూ ఎలా తిరుగుతోంది అని. నా లెక్కలో డబ్బా మీద పేరు కన్నా అదే పెద్ద విషయం. అక్కడికి వస్తాను.

నాది పాలకొల్లులో షెడ్డు. ఇరవై నాలుగేళ్లుగా ఇదే పని. లేహ్ రెండుసార్లు వెళ్లొచ్చాను, రెండుసార్లూ నీలాంటి బండి మీదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు కారు ఆయిల్ సంగతి. కారులో ఇంజన్‌కి ఒక ఆయిల్, గేరుబాక్సుకి ఇంకో ఆయిల్. క్లచ్ పొడిగా ఉంటుంది, దానికి ఆయిల్ తగలదు. మన బండిలో అలా కాదు. పిస్టన్, క్రాంకు, హెడ్డు, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. మన ఊళ్లలో ఒకే పంటకాలువ నీళ్లు వరిచేనుకీ, మంచినీళ్ల చెరువుకీ, రొయ్యల చెరువుకీ వెళ్లినట్టు. ఒకరి కోసం ఆ నీళ్లలో ఏదైనా కలిపితే మిగతా ఇద్దరికీ తగులుతుంది. కారు ఆయిళ్లలో, అందులోనూ పల్చటి 20, 30 గ్రేడుల్లో, మైలేజి పెరగడానికి జారుడు పెంచే మందులు కలుపుతారు. కారు ఇంజన్‌కి అది మేలు. మన క్లచ్ ప్లేట్ల పని మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవడం. పట్టుకోవాల్సిన చోట జారుడు మందు పోస్తే ఏమవుతుందో నేను చేజేతులా చేసి చూశాను.

షెడ్డు పెట్టిన మొదటి రోజుల్లో, మా బావమరిది బండిలో నేనే కారు ఆయిల్ పోశాను. అప్పటికి నాకు ఇంజన్ బాగుచేయడం వచ్చు గానీ ఆయిల్ సంగతి అంతగా తెలియదు. ఊళ్లో వారం రోజులు తిరిగాడు, బ్రహ్మాండంగా ఉందన్నాడు. తర్వాత ఇద్దరం దాని మీదే రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా చింతూరు వెళ్లాం. దిగేటప్పుడు ఏమీ తెలియలేదు. తిరిగి ఘాట్ ఎక్కుతుంటే రెండో గేరులో ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం ముందుకు రావడం లేదు. మలుపు దగ్గర వెనకాల లారీ. పక్కకి ఆపి దిగేసరికి క్లచ్ వైపు చెయ్యి పెట్టలేనంత వేడి, కాలిన వాసన. ప్లేట్లు మాడిపోయాయి. చీకటి పడే వేళకి అడవిలో బండి తోసుకుంటూ నడిచాం. ఊళ్లో సమతలం మీద, ఒక్కడివే తిరిగేటప్పుడు ఈ తప్పు కనపడదు. లగేజీతో, ఎత్తులో, చిన్న గేరులో ఎక్కుతున్నప్పుడే బయటపడుతుంది. నీ ప్రయాణంలో మనాలి దాటాక దారంతా అలాంటిదే.

ఈ గొడవ మన ఒక్కరిదే కాదు. కారు ఆయిళ్లలో ఈ జారుడు మందులు పెరిగాక జపాన్‌లో మోటార్ సైకిళ్ల క్లచ్‌లు జారడం మొదలైంది. అందుకే అక్కడివాళ్లు 1998లో మోటార్ సైకిల్ ఆయిల్‌కి విడిగా జాసో అనే ప్రమాణం పెట్టుకున్నారు. ఎంఏ అంటే తడి క్లచ్‌కి పనికొచ్చేది, ఎంబీ అంటే జారుడు ఎక్కువ ఉన్నది. ఎంబీ మన స్కూటీలకి, ఎందుకంటే వాటి క్లచ్ ఆయిల్‌లో ఉండదు. 2006లో ఎంఏని మళ్లీ ఎంఏ1, ఎంఏ2 అని విడదీశారు. రెండిట్లో క్లచ్ బాగా పట్టుకునేది ఎంఏ2. నీ బండి పుస్తకంలో ఎంఏ2 అనే ఉంటుంది, తీసి చూడు. డబ్బా వెనక్కి తిప్పితే చిన్న పెట్టె గీసి, అందులో ఒక కోడు నంబరు, ఎంఏ2 అనే అక్షరాలు ఉంటాయి. నేను డబ్బా కొనేటప్పుడు ముందు వైపు బొమ్మ చూడను, తిప్పి ఆ పెట్టెనే చూస్తాను. అక్కడే గుండ్రటి గుర్తు ఒకటి కనిపించి, దాని కింది సగంలో "రిసోర్స్ కన్సర్వింగ్" అని రాసి ఉంటే అది కారుదే. తిరిగి షాపువాడికి ఇచ్చెయ్యి.

డబ్బా మీద ఉండే ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ప్రమాణాలు, ఎస్ఎల్, ఎస్ఎం, ఎస్ఎన్ అనే అక్షరాల గురించి కూడా అడిగావు. ఎస్ తర్వాత వచ్చే అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ కొత్త ప్రమాణం. ఎస్ఎల్ 2001 నాటిది, ఎస్ఎన్ 2010, ఎస్‌పీ 2020. నీ పుస్తకంలో ఎస్ఎల్ ఉంటే ఎస్ఎన్ పోసినా నష్టం లేదు, పక్కన ఎంఏ2 ఉన్నంతవరకు. ఎంఏ2 లేకపోతే ఎంత కొత్త అక్షరం ఉన్నా మనకి అక్కర్లేదు.

ఇప్పుడు అంకెలు. చాలామంది 15డబ్ల్యూ-50 అంటే పదిహేను నుంచి యాభై డిగ్రీల ఎండ వరకు పనిచేస్తుందని అనుకుంటారు. కాదు. బెల్లం పాకం గుర్తు తెచ్చుకో. పొయ్యి మీద ఉన్నప్పుడు నీళ్లలా జారుతుంది, దించి పక్కన పెడితే గరిట కదలదు. ఆయిల్ గుణమూ అదే. డబ్ల్యూ పక్కనున్న మొదటి అంకె చలిలో ఎంత గట్టిపడుతుందో చెబుతుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత తేలిగ్గా కదులుతుంది. రెండో అంకె ఇంజన్ బాగా వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది.

మొదటి అంకె గురించి లేహ్ అనగానే అందరూ భయపడతారు. భయం అక్కర్లేదు. 15డబ్ల్యూ ఆయిల్‌ని సున్నా కన్నా 20 డిగ్రీల కింద, 20డబ్ల్యూని 15 డిగ్రీల కింద పరీక్ష చేసి ఆ పేరు ఇస్తారు. జూన్‌లో నువ్వు పడుకునే చోట్ల అంత చలి ఉండదు. సర్చూ లాంటి చోట రాత్రి సున్నా దగ్గరికి వచ్చినా 15డబ్ల్యూ హాయిగా కదులుతుంది.

అసలు చూడాల్సింది రెండో అంకె. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనం కొలిచే కొలత) మధ్య ఉంటుంది. 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 వరకు. అంటే మీ బావ చెప్పిన ఆయిల్ వేడిలో నీ ఇంజన్‌కి కావలసిన చిక్కదనంలో మహా అయితే ముప్పాతిక దగ్గరికి వస్తుంది, కొన్ని డబ్బాల్లో సగం దగ్గరే ఆగిపోతుంది. నీది గాలితో చల్లారే ఇంజన్. చుట్టూ నీళ్ల జాకెట్టు లేదు, రేడియేటర్ లేదు. బండి కదులుతున్నప్పుడు తగిలే గాలీ, లోపల తిరిగే ఆయిలూ, ఈ రెండే దాని వేడిని మోస్తాయి. రోహిణి కార్తె ఎండలో రావులపాలెం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు గాలి కూడా ఉండదు. అప్పుడు ఆయిల్ పొర పల్చబడితే ఇనుము ఇనుముకి తగులుతుంది. కొత్త కార్ల ఇంజన్లు పల్చటి ఆయిల్ కోసమే సన్నటి సందులతో తయారవుతాయి, వాటికి అది సరిపోతుంది. ఖరీదుకీ తగినదనానికీ సంబంధం లేదు.

మీ మెకానిక్ 20డబ్ల్యూ-50 ఎందుకన్నాడో నాకు తెలుసు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్లలో మేమంతా అదే పోసేవాళ్లం. ఆ బండ్లలో ఇంజన్ వేరు, గేరుబాక్సు వేరు, క్లచ్ డబ్బా వేరు, మూడిటికీ విడివిడిగా ఆయిల్. వాల్వులను కదిపే ట్యాపెట్లు చేత్తో బిగించి సరిచేసేవాళ్లం. 2009లో క్లాసిక్ వచ్చాక ఇంజనూ గేరుబాక్సూ ఒకటైపోయాయి, ట్యాపెట్లు హైడ్రాలిక్ అయ్యాయి. హైడ్రాలిక్ ట్యాపెట్ అంటే లోపల సన్నటి గదిలో ఆయిల్ నిండి, ఆ ఒత్తిడితో తన సందు తానే సరిచేసుకునేది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టకటకమని కాసేపు కొట్టి ఆగిపోవడం దాని సహజం. ఆ గది నిండాలంటే చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ గబగబా పైకి రావాలి. 15డబ్ల్యూ అక్కడ కొంచెం ముందుంటుంది. వేడెక్కాక రెండూ 50 గ్రేడే కాబట్టి ఎండకి కాపాడే విషయంలో 20డబ్ల్యూ-50కి దాని మీద ప్రత్యేకంగా ఏ ఆధిక్యతా లేదు. ఈ మాట మీ మెకానిక్‌కి నెమ్మదిగా చెప్పు, ఆయన చెప్పింది వేరే కాలం బండికి సరైనదే. బండి ఇంజన్ వేడి మీద కూడా టకటక ఆగకపోతే మాత్రం ముందు ఆయిల్ లెవెల్ చూసుకోవాలి, తర్వాతే ట్యాపెట్ మార్చే మాట.

నీతో వచ్చేవాళ్లలో ఒకరిది డామినార్ 400 అన్నావు. దాని పుస్తకంలో 20డబ్ల్యూ-50 అనే ఉంటుంది, వాళ్లు అదే పోసుకోవాలి. స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ-30. ముగ్గురూ కలిసి ఒకే డబ్బా కొనుక్కుని పంచుకుందామనే ఆలోచన మాత్రం మానుకోండి. ఏ ఇంజన్ సందులు ఎంతున్నాయో దాన్ని తయారుచేసినవాళ్లకే తెలుసు, వాళ్లు పుస్తకంలో రాశారు.

మినరలా, సెమీనా, ఫుల్ సింథటిక్కా? మినరల్ అంటే ముడి చమురు శుద్ధి చేసి తీసింది, ఫుల్ సింథటిక్ అంటే ఫ్యాక్టరీలో ప్రత్యేకంగా తయారుచేసింది, సెమీ అంటే రెండూ కలిపింది. మూడిట్లో గ్రేడు ఒకటే అయినప్పుడు తేడా ఓర్పులో ఉంటుంది. గేర్ల పళ్ల మధ్య ఆయిల్ పొద్దస్తమానం రోట్లో పడ్డట్టు నలుగుతుంది. వేడిలో చిక్కదనం నిలబెట్టడానికి ఆయిల్‌లో పొడవాటి పాలిమర్లు కలుపుతారు. గేరుబాక్సు వాటిని తెంపేస్తుంది. అందుకే 50 గ్రేడుగా పోసిన ఆయిల్ కొన్ని వేల కిలోమీటర్లకి 40 గ్రేడులా పల్చబడుతుంది. నీకు అది ఎలా తెలుస్తుందంటే, గేరు పడటం మొరాయిస్తుంది, రెండుకీ మూడుకీ మధ్య ఖాళీగా నిలబడిపోతుంది. చాలామంది అప్పుడు క్లచ్ వైరు బిగిస్తారు. ఆయిల్ మార్చి చూస్తే సగం బండ్లలో ఆ బాధ పోతుంది. మంచి సింథటిక్‌లో ఈ పాలిమర్ల అవసరం తక్కువ కాబట్టి ఎక్కువ రోజులు నిలబడుతుంది, వేడికి తొందరగా పాడవదు, ఆవిరై తగ్గడమూ తక్కువే.

నీ బండికి సెమీ సింథటిక్ చాలు. ఫుల్ సింథటిక్ పోయాలని మనసైతే 15డబ్ల్యూ-50, ఎంఏ2 ఉన్నదే తీసుకో, తప్పులేదు. కానీ దాని పేరు చెప్పి మార్చే గడువు రెండింతలు చేసే పని పెట్టుకోకు. పైగా ఇన్నాళ్లూ వేరే ఆయిల్ మీద తిరిగిన బండికి ప్రయాణానికి వారం ముందు మార్పు చేస్తే, పాత సీళ్ల దగ్గర ఎక్కడైనా చెమ్మ మొదలైతే ఆ సంగతి దారిలో తెలుస్తుంది. మార్చాలనుకుంటే ఇప్పుడే మార్చి రెండు నెలలు ఇక్కడ తిరుగు.

ఇక నేను ముందు చెప్పిన అసలు విషయం. నువ్వు రాసినదాన్ని బట్టి ఇంటి నుంచి షాపుకి రెండున్నర కిలోమీటర్లు, రోజుకి నాలుగుసార్లు. ఇదే కోనసీమ బండ్ల అసలు రోగం. మనకి ఎత్తుపల్లాలు లేవు, దూరాలు లేవు, గాలిలో మాత్రం ఏడాదంతా తడి. ఇంజన్‌లో పెట్రోలు కాలినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది, అందులో కొంత రింగుల పక్క నుంచి కిందికి, ఆయిల్‌లోకి దిగుతుంది. బండి అరగంట సాగితే ఆయిల్ బాగా వేడెక్కి ఆ తేమ ఆవిరై గొట్టం గుండా పోతుంది. రెండున్నర కిలోమీటర్లకి ఆయిల్ గోరువెచ్చగా కూడా అవ్వదు. పైన హెడ్డు వేడెక్కింది కదా అని నువ్వు అనుకుంటావు, అడుగున ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ నీళ్లు అక్కడే ఉండిపోతాయి, కాలని పెట్రోలు కూడా కొంత కలుస్తుంది. రోజూ ఇదే తంతు. ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూడు. మీగడలాగా తెల్లటి జిగురు అంటుకుని ఉంటే అదే ఈ నీళ్ల గుర్తు.

అందుకే మా వైపు బండ్లకి నేను కిలోమీటర్లు ఒక్కటే చూసి ఆయిల్ మార్చను. పుస్తకంలో కిలోమీటర్ల పక్కనే నెలలు కూడా రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అది అని. ఊళ్లోనే తిరిగే బండికి నా లెక్క ఆరు నెలలు, అందులో ఒకటి వానాకాలం వెళ్లాక తప్పకుండా. మధ్యలో వారానికోసారైనా రావులపాలెం దాకా ఒక సాగతీత ఇవ్వు. పోను ముప్పై పైచిలుకు కిలోమీటర్లు, రాను అంతే. ఆయిల్ ఎండుతుంది. దాళ్వా కోతలప్పుడు ధాన్యం రోడ్ల మీద ఆరబోసే రోజుల్లో ఆ దుమ్ము, నుసి గాలి ఫిల్టరుకి పట్టేస్తుంది. ఫిల్టరు పాడైతే అది వెళ్లేది చివరికి ఆయిల్‌లోకే. ఆ సీజన్ అయ్యాక ఫిల్టరు విప్పి చూసుకో.

వరద నీళ్ల గురించి ఒక మాట, ఎందుకంటే మన ప్రాంతంలో అది ఏటా వచ్చే ప్రశ్నే. 2022 జూలైలో గోదారి పొంగినప్పుడు, భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన వరద అది, లంకల నుంచి మా షెడ్డుకి ట్రాక్టర్ల మీద బండ్లు వచ్చాయి. కొన్ని రెండు రోజులు నీళ్లలో మునిగి ఉన్నవి. అడుగు బోల్టు విప్పితే ముందు నీళ్లు వచ్చాయి, గ్లాసుడు, రెండు గ్లాసులు. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరతాయి, ఆయిల్ పైన తేలుతుంది. వాటిని కదపకుండా తెచ్చినవాళ్ల బండ్లు బతికాయి. "ఒక్కసారి స్టార్ట్ అవుతుందేమో" అని కిక్ కొట్టినవాళ్ల బండ్లలో ఆ నీళ్లు బేరింగుల దాకా వెళ్లాయి. బండి మునిగిందంటే తాళం తిప్పకు, కిక్ కొట్టకు, ముందు ఆయిల్ దింపించు. చవక మినరల్ ఆయిల్, అదే గ్రేడుది, పోసి కొద్ది నిమిషాలు ఐడిల్‌లో తిప్పి దింపాలి. పాలు కలిసిన టీ రంగు పోయేదాకా రెండు మూడుసార్లు అలా చేసి, అప్పుడు మంచి ఆయిల్, కొత్త ఫిల్టరు. లేహ్ దారిలో మంచు కరిగిన నీళ్లు రోడ్డు మీదుగా పారే వాగులు మధ్యాహ్నానికి పెరుగుతాయి. అక్కడ బండి పడి ఇంజన్ నీళ్లు మింగినా ఇదే మందు.

ప్రయాణానికి ఏం చెయ్యాలంటే, బయల్దేరే రోజుకి పదిహేను రోజుల ముందు ఆయిల్, ఫిల్టరు మార్పించు. ముందురోజు రాత్రి వద్దు. ఫిల్టరు మూత దగ్గర రింగు సరిగ్గా కూర్చోకపోయినా, అడుగు బోల్టు వాషరు పాతదే వేసినా కారేది మొదటి మూడొందల కిలోమీటర్లలోనే. అది రాజమండ్రి వెళ్లి వచ్చేటప్పుడు కనపడాలి, నాగ్‌పూర్ దాటాక కాదు. మార్చేటప్పుడు పక్కనే నిలబడు. ఇంజన్ వేడిగా ఉండగా దింపమను, అప్పుడే మురికి కూడా వస్తుంది. అడుగు జల్లెడ విప్పి కడగమను. బోల్టుకి అంటుకున్న బూడిద రంగు పేస్టు మామూలే. చేతికి గుచ్చుకునే ఇనప ముక్కలు, రేకులు కనిపిస్తే ఆ బండితో లేహ్ వెళ్లకు, ముందు ఇంజన్ విప్పించు. వచ్చిన ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడకు. నల్లబడటం అంటే మసిని తనలో పట్టుకుని మోస్తోందని, అది దాని పని. పెట్రోలు వాసన గట్టిగా వస్తే మాత్రం నాకు చెప్పు.

లెవెల్ గురించి గట్టిగా చెబుతున్నాను. ఆయిల్ ఎక్కువ పోయడం కూడా తప్పే. "దూరం వెళ్తున్నావు కదా, ఇంకో వంద ఎమ్ఎల్ పోద్దాం" అనే ప్రేమ మన మెకానిక్‌లకి ఉంది. గీత దాటి పోస్తే క్రాంకు ఆయిల్‌ని చిలుకుతుంది, నురగ వస్తుంది, గాలి గొట్టం గుండా ఫిల్టరు డబ్బాలోకి ఆయిల్ ఎక్కుతుంది. సమంగా ఉన్న నేల మీద పెద్ద స్టాండు వేసి, ఇంజన్ కాసేపు తిప్పి ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి, ఇంజన్ పక్కనున్న చిన్న గాజు కిటికీలో ఆయిల్ రెండు గీతల మధ్య ఉందా అని చూడాలి. పక్క స్టాండు మీద చూస్తే అబద్ధం చెబుతుంది. ప్రయాణంలో రోజూ పొద్దున్న టీ తాగే లోపు ఈ పని అయిపోవాలి. హైవే మీద గంటల తరబడి ఎనభై, తొంభైలో లాగితే 31 వేలు తిరిగిన ఇంజన్ కొంత ఆయిల్ తాగుతుంది. నీ దగ్గర అదే గ్రేడు లీటరు డబ్బా ఒకటి బ్యాగులో ఉండాలి. అది అయిపోయి దారిలో అదే కంపెనీది దొరక్కపోతే, ఏ కంపెనీదైనా 15డబ్ల్యూ-50 గానీ 20డబ్ల్యూ-50 గానీ ఎంఏ2 ఉన్నది కలిపెయ్యి. రెండు కంపెనీలు కలిస్తే ఇంజన్ పోదు, ఆయిల్ తక్కువైతే పోతుంది.

పోను రాను 6,000 కిలోమీటర్లు దగ్గర దగ్గరగా అవుతుంది. కాగితం మీద గడువు లోపలే ఉండొచ్చు. కానీ ఆ ఎత్తులో గాలి పల్చన, ఇంజన్ బలం తగ్గుతుంది, చిన్న గేర్లలో సగం క్లచ్ మీద ఎక్కుతావు, అంతా ఆయిల్ మీద పడే భారమే. నేనైతే రెండుసార్లూ కొండ దిగి చండీగఢ్ చేరాక ఆయిల్ మార్పించుకునే ఇంటికి వచ్చాను. నీక్కూడా అదే చెబుతాను.

కొనడం దగ్గర జాగ్రత్త. దొంగ ఆయిల్ ఉంది, మన దగ్గరా ఉంది. పేరున్న కంపెనీ డబ్బాలో వేరే సరుకు నింపి అమ్ముతారు. నేనే ఒకసారి తక్కువకి వస్తోందని ఒక పెట్టె తీసుకుని, రెండో బండికే తేడా కనిపెట్టి మిగతావి వెనక్కి ఇచ్చేశాను. మూత చుట్టూ సీలు చెక్కుచెదరకుండా ఉందా, డబ్బా మీదా మూత మీదా బ్యాచ్ నంబర్లు చెరిగిపోకుండా ఉన్నాయా, తయారైన తేదీ ఉందా చూడు. అధికారిక డీలరు దగ్గర, కంపెనీ బంకులో బిల్లుతో కొను. లూజు ఆయిల్ జోలికి వెళ్లకు. ఖాళీ అయిన డబ్బాకి మేకుతో రెండు బొక్కలు పెట్టాకే పాత సామాన్లవాడికి వెయ్యి. ఆయిల్‌లో కలిపే మందు సీసాలు, ఇంజన్ మెత్తగా తిరుగుతుందని అమ్మేవి, వాటిలోనూ జారుడు మందులు ఉంటాయి, క్లచ్‌కి అవీ కారు ఆయిల్ లాంటివే.

దింపిన పాత ఆయిల్‌ని షెడ్డులో డ్రమ్ములో పోయించు. కొబ్బరి మొదళ్లలో పోసేవాళ్లని, కాలువ గట్టున కడిగేసేవాళ్లని చూస్తుంటాను. ఆ కాలువ కిందనే ఎవరో ఒకరి చెరువు ఉంటుంది.

ఇంతా రాశాక నువ్వు చెప్పని సంగతి ఒకటి మిగిలింది. క్లచ్ ప్లేట్లు ఎప్పుడు మార్చావు? 31 వేలలో ఒక్కసారీ మార్చకపోతే, ఎంత మంచి ఎంఏ2 పోసినా అరిగిన ప్లేట్లు కొండ మీద జారతాయి. ఒక పరీక్ష చెయ్యి: సిద్ధాంతం బ్రిడ్జి మీద ఖాళీగా ఉన్నప్పుడు, నాలుగో గేరులో యాభై దగ్గర ఉండి ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పు. వెనకాల ఒకర్ని ఎక్కించుకుని చెయ్యి. శబ్దం పెరిగినంతగా వేగం పెరుగుతుందా, లేక శబ్దం ముందు పరుగెత్తి బండి వెనక పడుతుందా చూసి, అలాగే వెనకాల ఎవరైనా కూర్చుని వస్తున్నారా, లగేజీ ఎంత అనేదీ రాయి. ప్లేట్లు మార్చాల్సి వస్తే ఆయిల్ దింపక తప్పదు కాబట్టి, ఆ మాట తేలేదాకా కొత్త ఆయిల్ కొనకుండా ఆగు.